వాచీ డయల్ సైజు ఇంట్లోనే తగ్గించడం ఎలా?

"డయల్ వాచీ కేసు (బయటి లోహపు డబ్బా) కంటే ఒక మిల్లీమీటరు పెద్దగా ఉంది. ఇంట్లో తగ్గించుకోవచ్చా?" పాత వాచీలు విప్పి బిగించే అలవాటున్న వాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. తగ్గించుకోవచ్చు. పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. అయితే ఇందులో సైజు తగ్గించడం తేలిక, గుండ్రం చెడకుండా తగ్గించడమే కష్టం. అందుకే కింద చెప్పిన వాటిలో సగం కొలతల గురించే ఉంటుంది. దయచేసి వాటిని దాటవేయకండి.

ముందు తేల్చుకోవలసింది: కోయవలసింది డయల్‌నేనా?

డయల్ పట్టకపోతే అందరి కన్ను ముందు డయల్ మీదే పడుతుంది. కాని చాలా వాచీల్లో మిషను (వాచీని నడిపే లోపలి యంత్రం) చుట్టూ ఒక ప్లాస్టిక్ రింగు ఉంటుంది. డయల్ ఆ రింగు గోడకు తగిలి ఆగిపోతోందేమో చూడండి. అలా అయితే రింగునే లోపలివైపు కొద్దిగా గీకండి. రింగు పాడైతే ఇంకొకటి దొరుకుతుంది, పాత డయల్ పాడైతే దొరకదు.

డయల్ దేనితో చేశారన్నది తర్వాతి విషయం. ఇత్తడి డయళ్లనే ఈ పద్ధతిలో తగ్గించాలి, మామూలు వాచీల్లో ఎక్కువ భాగం అవే. పింగాణీ పూత ఉన్న ఎనామెల్ డయల్ అంచు తాకితే చాలు, పెచ్చులు లేస్తుంది. ముత్యపు చిప్ప డయల్ పొరలు పొరలుగా విరుగుతుంది. ఆ రెండింటినీ వదిలేయండి.

మూడోది ఆరోగ్యానికి సంబంధించినది. 1960లకు ముందు తయారైన, చీకట్లో మెరిసే అంకెలూ ముళ్ళూ ఉన్న వాచీల్లో రేడియోధార్మికమైన రేడియం రంగు ఉండే అవకాశం ఎక్కువ. "ఇప్పుడు మెరవడం లేదు కదా" అని ధైర్యపడకండి. ఆరిపోయింది మెరిసే పదార్థం మాత్రమే. రేడియం సగం తరగడానికే సుమారు 1600 ఏళ్లు పడుతుంది. అలాంటి డయల్‌ను గీకితే లేచే పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డయల్ కింది భాగాన "టి స్విస్ టి" అన్న ముద్ర ఉంటే అందులో ట్రిటియం అనే మరో రేడియోధార్మిక పదార్థం ఉన్నట్టు, దాన్నీ గీకకండి. మెరిసే రంగు ఏ కాలానిదో తేలకపోతే ఆ డయల్ జోలికి వెళ్లకండి. ఈ మాటలో సడలింపు లేదు.

ఇక హెచ్‌ఎంటీ సంగతి. నాకు వచ్చే ప్రశ్నల్లో చాలా భాగం నాన్నగారిదో తాతగారిదో హెచ్‌ఎంటీ డయల్ గురించే. ఆ వాచీల తయారీ సిటిజన్ సంస్థ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైంది. వాటిని తయారుచేసిన హెచ్‌ఎంటీ వాచెస్ సంస్థను మూసివేయడానికి 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. కాబట్టి ముద్ర చెదరని అసలు డయల్ మీ చేతిలో ఉంటే దాన్ని కోయవద్దనే నా సలహా. దానికి సరిపడే కేసు కోసం వెతకండి, ఆలస్యమైనా దొరుకుతుంది. మళ్లీ రంగు వేయించిన డయల్ అయితే కోయవచ్చు. అయితే ఆ రంగు మందంగా ఉండి అంచు దగ్గర పెచ్చులూడే గుణం ఎక్కువ, రెట్టింపు నెమ్మదిగా పని చేయాలి.

కావలసినవి

- 0.01 మి.మీ. వరకు చూపే డిజిటల్ వెర్నియర్ కాలిపర్
- కంటికి పెట్టుకునే వాచీ మెకానిక్ భూతద్దం
- నున్నటి పళ్లున్న చదునైన చిన్న ఆకురాయి. కంసాలి పనిముట్లు అమ్మే దుకాణంలో దొరుకుతుంది.
- 400, 800, 1200 నంబర్ల వాటర్ పేపర్. కార్లకు రంగు వేసేవాళ్లు వాడేదే.
- ఆ పేపర్ అంటించడానికి చదునైన చెక్క ముక్క లేదా గాజు పలక
- కావలసిన సైజుకు చేయించిన ఇనుప బిళ్ళ ఒకటి, దానికంటే అర మిల్లీమీటరు చిన్న అక్రిలిక్ బిళ్ళ ఒకటి, రెండింటికీ నట్టనడుమ రంధ్రం
- డయల్ మధ్య రంధ్రంలో ఆడకుండా దూరే సన్నని స్క్రూ, నట్టు
- పాత సైకిల్ ట్యూబు ముక్క, బటర్ పేపర్, నల్ల పర్మనెంట్ మార్కర్
- వేళ్లకు రబ్బరు తొడుగులు, ముక్కుకు మాస్కు, కళ్లద్దాలు

ఇనుప బిళ్ళను ఏ లేత్ షాపులోనైనా చేసిపెడతారు. మీకు కావలసిన సైజు 28.5 అయితే, "28.5 మిల్లీమీటర్లు, మధ్యలో రంధ్రం, రంధ్రానికీ అంచుకూ ఒకటే కేంద్రం ఉండాలి" అని కాగితం మీద రాసి ఇవ్వండి. తెచ్చుకున్నాక మీరూ కొలవండి. మీ పని కచ్చితత్వమంతా ఈ బిళ్ళ మీదే ఆధారపడి ఉంటుంది.

సొంత డయల్‌ను ముట్టుకునే ముందు పనికిరాని డయల్ ఒకటి సంపాదించి దాని మీద చేయి అలవాటు చేసుకోండి. మీ వీధి చివర వాచీ రిపేరు దుకాణంలో అడిగితే పాత క్వార్ట్జ్ వాచీల డయళ్లు డబ్బా నిండా ఉంటాయి.

1. కేసును కొలవండి

మూడు కొలతలు కావాలి. మొదటిది, కేసులో డయల్ కూర్చునే గూడు వ్యాసం. రెండోది, అద్దం కింద డయల్ చుట్టూ కనిపించే వాలు అంచు లోపలి వ్యాసం. మూడోది, డయల్ మీద నిమిషాల గీతల బయటి వ్యాసం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సీకో సంస్థ వాళ్ల ఎన్‌హెచ్35 అనే మిషనుకు సరిపడేలా అమ్మే కేసుల్లో చాలావాటికి 28.5 మి.మీ. డయల్ వాడతారు. మీ దగ్గరున్న డయల్ 29.5 అనుకోండి. కేసు గూడు 28.62, వాలు అంచు లోపలి వ్యాసం 27.0, నిమిషాల గీతలు 26.6 దగ్గర ముగుస్తున్నాయి. గూటి కంటే డయల్ 0.1 నుంచి 0.15 మి.మీ. చిన్నగా ఉండాలి కనుక 28.5 సరైన లక్ష్యం. గీతలు 27.0 లోపలే ఉన్నాయి కనుక వాలు అంచు వాటిని కప్పేయదు. గీతలు 27.4 వరకు వచ్చి ఉంటే డయల్ కేసులో పట్టినా గీతల చివరలు కనిపించవు. ఆ సంగతి కోశాక కాదు, ఇక్కడే తెలియాలి.

డయల్ వెనక, దాన్ని మిషనుకు నిలిపే సన్నని లోహపు కాళ్లు కూడా చూడండి. కాలి బయటి వైపు నుంచి డయల్ అంచు దాకా ఎంత లోహం ఉందో కొలవండి. మీరు తీయబోయే మందం దానికంటే తక్కువగా ఉండాలి. లేకపోతే కాలు పునాదితో సహా ఊడిపోతుంది. పైగా ఆ కాళ్లు మీ మిషను రంధ్రాల్లో దూరతాయో లేదో ఇప్పుడే పెట్టి చూడండి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 29.5 నుంచి 28.5కు అంటే తగ్గవలసింది 1 మి.మీ. వ్యాసం. ఒక్కో వైపు తీయవలసింది అర మిల్లీమీటరే. ప్రతి వైపూ మిల్లీమీటరు తీసేసి, డయల్ గూట్లో గలగలలాడుతోందని రాసినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు.

2. డయల్‌ను విడదీయండి

ముళ్ళు తీసేటప్పుడు డయల్ మీద పలుచని ప్లాస్టిక్ కవరు పరచి, దాని మీద నుంచి ముళ్ళు పైకెత్తే లివర్లు వాడండి. డయల్ మిషనుకు ఉండగా రాపిడి పని ఎప్పుడూ చేయకండి. ఇత్తడి పొడి ఒక్క రేణువు బ్యాలెన్సు చక్రం దగ్గరకు చేరితే వాచీ ఆగిపోవచ్చు. మిషనును మూత ఉన్న డబ్బాలో పెట్టి, పని చేసే గదిలో కాకుండా వేరే గదిలో ఉంచండి.

ఇక్కడి నుంచి వేళ్లకు తొడుగులు వేసుకోండి. ఎండ కిరణాల్లా మెరిసే డయళ్ల మీద వేలిముద్ర పడితే పోదు.

3. డయల్‌ను బిళ్ళల మధ్య బిగించండి

అక్రిలిక్ బిళ్ళకు డయల్ కాళ్లు పట్టేందుకు రెండు రంధ్రాలు చేయాలి. చోటు గుర్తించడానికి, కాళ్ల చివర మార్కర్ సిరా పూసి, మధ్య రంధ్రాలు కలిసేలా డయల్‌ను బిళ్ళ మీద మెల్లగా ఆనించండి. రెండు చుక్కలు పడతాయి. కాలి మందం కంటే కాస్త పెద్ద రంధ్రం చేయండి. కాలు రంధ్రం గోడకు తగిలితే బిగించేటప్పుడు వంగుతుంది.

వరుస ఇది: స్క్రూ తల, ఇనుప బిళ్ళ, బటర్ పేపర్, డయల్ ముఖం, డయల్ వెనక సైకిల్ ట్యూబు రబ్బరు, అక్రిలిక్ బిళ్ళ, నట్టు. ఇనుప బిళ్ళ ముఖం వైపు ఉండాలన్నది గుర్తుంచుకోండి. రంగు పూతకు సరిగ్గా కొత్త అంచు దగ్గర అది దన్నుగా ఉంటుంది, అందుకే పూత చిట్లదు. బటర్ పేపర్‌కు బదులు జిగురు ఫిల్ములు వాడకండి. పాత డయల్ మీద జిగురు ఫిల్ము లాగితే దానితో పాటు అక్షరాలూ లేచి వస్తాయి.

నట్టును వేళ్లతో బిగించి, ఆ పైన పావు చుట్టు మాత్రమే తిప్పండి. డయల్ మందం చాలావాటిలో అర మిల్లీమీటరు కూడా ఉండదు, ఎక్కువ బిగిస్తే మధ్యలో గుంట పడుతుంది.

స్క్రూ రంధ్రంలో ఆడుతోందా? 0.2 మి.మీ. ఆట ఉంటే డయల్ 0.1 మి.మీ. పక్కకు జరిగి కూర్చోవచ్చు. స్క్రూకు సన్నని టేపు ఒక చుట్టు చుట్టి ఆట పోగొట్టండి.

డయల్ మీద అతికించిన ఉబ్బెత్తు గుర్తులుంటే ఇనుప బిళ్ళ చదునుగా ఆనదు. అప్పుడు ముఖం వైపు మెత్తటి రబ్బరు, వెనక వైపు కాళ్ల రంధ్రాలు చేయించిన ఇనుప బిళ్ళ పెట్టండి. పూతకు దన్ను తగ్గుతుంది కనుక ఆకురాయి మానేసి, 400 పేపర్‌తోనే మొదలుపెట్టండి. ఆలస్యమవుతుంది, కానివ్వండి.

బిగించాక ఇనుప బిళ్ళ అంచు చుట్టూ నల్ల మార్కర్ పూయండి. ఈ నల్ల గీత ఎందుకో ఐదో మెట్టులో తెలుస్తుంది.

4. ఆకురాయితో ముతక పని

ఆకురాయిని ఎప్పుడూ ముఖం వైపు నుంచి వెనక వైపుకే తోయండి. అలా తోస్తే రంగు పూత ఇత్తడికి ఒత్తుకుంటుంది, అంచున లేచే గరుకు వెనక వైపు పడుతుంది. వెనక నుంచి ముందుకు తోస్తే పూత కింద నుంచి లేస్తుంది. వెనక్కి తీసేటప్పుడు ఆకురాయిని గాలిలో ఎత్తండి.

ఒకే చోట ఐదు రుద్దుల కంటే ఎక్కువ వద్దు. ఐదు రుద్ది, డయల్‌ను గడియారంలో ఒక గంట అంత తిప్పి, మళ్లీ ఐదు. పన్నెండు చోట్లా అయితే ఒక చుట్టు. ప్రతి చుట్టు తర్వాత కొలవండి. మన ఉదాహరణలో 28.7 రాగానే ఆకురాయి కింద పెట్టేయండి. ఇంకో రెండు చుట్లు లాగుదామని అప్పుడే అనిపిస్తుంది, లొంగకండి.

కత్తెరతో కోసి తర్వాత నున్న చేయవచ్చా అని అడుగుతారు. వద్దు. నా చేతిలో పాడైన మొదటి డయల్ అలాగే పోయింది. రేకు కత్తెర పడిన ప్రతి చోటా అంచు అలలా వంగింది, తెల్ల పూత మీద 4 అంకె దాకా వెంట్రుక లాంటి పగుళ్లు పాకాయి. వంగిన అంచును మళ్లీ చదును చేయబోతే మిగిలిన పూత కూడా రాలింది. తిరిగే సాన రాయి మీద పెట్టడం అంతకంటే ప్రమాదం, క్షణంలో ఒక పక్క చదునైపోతుంది.

డ్రిల్ మిషను ఉంటే

స్క్రూ చివరను డ్రిల్ మూతిలో బిగించి, అతి తక్కువ వేగంలో తిప్పుతూ, చెక్కకు అంటించిన 400 పేపర్‌ను అంచుకు తాకించవచ్చు. మధ్య రంధ్రం చుట్టూనే తిరుగుతుంది కనుక గుండ్రం దానంతట అదే వస్తుంది, ఇది మంచి సుగుణం. వేడి మాత్రం చెడ్డది. పది సెకన్లు తాకించి ఆపండి, బిళ్ళ వేలికి వెచ్చగా తగిలితే చల్లారేదాకా ఆగండి. కళ్లద్దాలు తప్పనిసరి. చేతి పనిలో నాకు నమ్మకం ఎక్కువ, కానీ చేయి స్థిరంగా లేనివాళ్లకు డ్రిల్లే మేలు.

5. పేపర్‌తో తుది సైజు

గాజు పలక మీద పేపర్ అంటించి, బిళ్ళలను నిలువుగా పట్టుకుని చక్రంలా దొర్లిస్తూ రుద్దండి. 400తో 28.56 వరకు, 800తో 28.52 వరకు, చివరి మెరుగు 1200తో. పేపర్ తడపవద్దు. పేరు వాటర్ పేపరే అయినా నీళ్లు పూత కిందికి ఊరుతాయి.

ఇప్పుడు ఆ నల్ల గీతను చూడండి. డయల్ అంచు బిళ్ళతో సమానం కాగానే పేపర్ బిళ్ళను తాకడం మొదలై, నలుపు పలచబడి కింద ఇనుము మెరుస్తుంది. చుట్టూ ఒకేలా పలచబడితే పని పూర్తయినట్టే, అక్కడే ఆపండి. ఒక పక్క నలుపు పోయి ఎదుటి పక్క అలాగే ఉంటే, ఎదుటి పక్క ఇంకా లోహం ఎక్కువ ఉంది. ఆ పక్క మాత్రమే రుద్దండి.

6. గుండ్రం సరిచూడండి

కాలిపర్‌తో నాలుగు దిక్కుల్లో కొలవండి: 12-6, 3-9, ఆపైన వాటి మధ్య రెండు ఐమూలలు. నాలుగింటి మధ్య తేడా 0.05 దాటకూడదు. దవడల సన్నని కొనలు కాకుండా వెడల్పు భాగం వాడండి, గట్టిగా నొక్కకండి.

ఇంతటితో ఆగితే మోసపోతారు. మూడు చోట్ల కొద్దిగా ఉబ్బిన అంచు కూడా అన్ని దిక్కుల్లోనూ ఒకే వ్యాసం చూపించగలదు. పైగా వ్యాసం సరిగ్గా ఉన్నా, మొత్తం వృత్తం పక్కకు జరిగి ఉండవచ్చు. అందుకే డయల్‌ను విప్పి, భూతద్దం కింద నిమిషాల గీత చివర నుంచి అంచు దాకా ఉన్న ఖాళీని పన్నెండు గంటల చోట్లా చూడండి. మన ఉదాహరణలో అది 0.95 మి.మీ. ఉండాలి. ఒక చోట 0.85, ఎదురుగా 1.05 కనిపిస్తే డయల్ పక్కకు జరిగి బిగిసిందన్నమాట. అసలు ఉండవలసిన 0.95 నుంచి 0.1 తేడాను వాలు అంచు దాచేస్తుంది. 0.2 దాటితే వాచీని చేతికి పెట్టుకున్న ప్రతిసారీ కన్ను అక్కడికే పోతుంది.

అలా జరిగితే దిద్దడానికి లోహం మిగిలి ఉండాలి. తుది కొలత కంటే కాస్త ముందే, 28.6 దగ్గర ఒకసారి విప్పి ఈ పరీక్ష చేసుకోమని అందుకే చెబుతాను. మళ్లీ బిగించడానికి ఐదు నిమిషాలు పడుతుంది, అంతే.

7. గరుకు తీసి, శుభ్రం చేయండి

వెనక వైపు అంచున లేచిన గరుకును 1200 పేపర్ మడత కొనతో తీయండి. ముఖం వైపు మాత్రం అంచును గుండ్రం చేయకండి. పొడిని రబ్బరు బంతితో ఊది, మెత్తని కుంచెతో తుడిచి, మిగిలిన రేణువులను వాచీ మెకానిక్‌లు వాడే రోడికో ముద్దతో అద్దండి. థిన్నర్, అసిటోన్, గోళ్ల రంగు తీసే ద్రవం దగ్గరికి కూడా రానివ్వకండి. అక్షరాలు రెప్పపాటులో కరిగిపోతాయి.

బయటపడ్డ ఇత్తడి అంచు విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో కొన్నాళ్లకు నల్లబడుతుంది. అది వాలు అంచు కింద దాగి ఉంటుంది, దానికేమీ పూయనక్కర్లేదు. వార్నిష్ పూయబోతే ముఖం మీదికి పాకుతుంది.

కాలు విరిగిందా? కంగారు వద్దు. డయల్ అంటించే చిన్న గుండ్రని జిగురు బిళ్ళలు వాచీ సామాను దుకాణాల్లో దొరుకుతాయి. ఒక కాలు మిగిలినా డయల్ తిరగకుండా అది పట్టుకుంటుంది.

8. కేసులో పెట్టి చూడండి

మొదట డయల్ ఒక్కదాన్నే గూట్లో వేయండి. తన బరువుకే జారి కూర్చోవాలి. వేలితో నొక్కితే గాని దిగడం లేదంటే, అంచుకు మార్కర్ పూసి మళ్లీ వేసి తీయండి. సిరా ఎక్కడ గీసుకుపోయిందో అక్కడే తగులుతోంది. ఆ చోట 1200తో రెండు రుద్దులు, మళ్లీ పరీక్ష.

తర్వాత మిషనుకు బిగించి, ముళ్ళు పెట్టకముందే కేసులో అమర్చి కీ కడ్డీ దూర్చండి. కీ తేలికగా తిరగాలి, లాగితే తడబడకుండా రావాలి. బిగుసుగా ఉంటే డయల్ ఇంకా అంచు మీదే ఎక్కి కూర్చుని, మిషనును పైకి ఎత్తి ఉంచుతోంది. కడ్డీని బలవంతం చేయకండి, డయల్‌ను తీసి ఇంకో 0.05 తగ్గించండి.

చివరగా కేసును దీపానికి అడ్డంగా పట్టి, అద్దం వైపు నుంచి వాలు అంచు చుట్టూ చూడండి. డయల్‌కూ అంచుకూ మధ్య ఎక్కడా వెలుతురు గీత కనిపించకూడదు, నిమిషాల గీతలన్నీ చివరల దాకా కనిపించాలి. రెండూ సరిగ్గా ఉంటే ముళ్ళు పెట్టి, మూత వేసి, ఒక పూర్తి రోజు బల్ల మీద నడవనివ్వండి.